ఉద్యోగ సోపానం: లెక్కల పరీక్ష, మాటల పరీక్ష

గత సంచికలో బ్యాంకు ఉద్యోగాలకు దరఖాస్తు ఎలా నింపాలో, ఏయే కాగితాలు ముందుగా సిద్ధం చేసుకోవాలో చెప్పుకున్నాం. ఆ సంచిక అందాక వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్న కనిపించింది. "మా వాడు డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యాడండీ. ఉద్యోగ పరీక్షలో మాత్రం మొదటి మెట్టు కూడా ఎక్కడం లేదు. ఎందుకంటారు?" హోసూరు, షోలాపూరు, బరంపురం, యానాం... ఊరు మారింది గాని ప్రశ్న మారలేదు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తం ఆ మొదటి మెట్టుకే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక మాట. డిగ్రీ పరీక్ష వేరు, ఇది వేరు. డిగ్రీలో మూడు గంటలు కూర్చుని, తెలిసిన ప్రశ్నలు ఏరుకుని, తెలిసినదంతా రాసి వస్తాం. ఇక్కడ అడిగే లెక్కల్లో చాలావరకు పదో తరగతి దాటని అంకగణితమే. శాతాలు, నిష్పత్తులు, సగటు, వడ్డీ, కాలం, దూరం, పని. ఇవి రాని డిగ్రీ విద్యార్థి ఉండడు. రానిదల్లా వాటిని అర నిమిషంలో చేయడం. బ్యాంకు ఆఫీసర్ల ఎంపికకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. ఇంగ్లీషు, లెక్కలు, రీజనింగ్ అని మూడు భాగాలు. ఒక్కో భాగానికి 20 నిమిషాలు. ఒక దానిలో మిగిలిన సమయం రెండో దానికి వాడుకోవడానికి వీల్లేదు. లెక్కల్లో 35 ప్రశ్నలు అంటే ప్రశ్నకు 34 సెకన్లు. క్యాలిక్యులేటరు ఉండదు.

నేను 1992లో పరీక్ష రాసినప్పుడు బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులు ఉండేవి. పెన్సిలుతో గుండ్రాలు నింపేవాళ్లం. 2001లో ఆ బోర్డులు పోయాయి. 2011 నుంచి ప్రభుత్వ రంగ బ్యాంకులకు ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష పెడుతోంది. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చింది. లోపలి సరుకు మాత్రం అదే. కొద్ది తేడాలతో ప్రైవేటు కంపెనీలు పెట్టే పరీక్షల్లోనూ అంతే. టీసీఎస్ వారి నేషనల్ క్వాలిఫయర్ టెస్టులోనూ న్యూమరికల్, వెర్బల్, రీజనింగ్ అనే మూడే ముఖ్యం. కనుక ఒక్కసారి పద్ధతిగా తయారైతే ఆ తయారీ నాలుగు చోట్ల పనికొస్తుంది.

మార్కులు ఎక్కడ పోతున్నాయి?

గంజాం జిల్లా నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అమ్మాయి బీకాం. రెండుసార్లు ప్రిలిమ్స్ రాసింది. రెండోసారి 4 మార్కుల్లో పోయింది. ఫిక్సెడ్ డిపాజిట్ తీసేసి హైదరాబాదు కోచింగుకు పంపాలా, లేక వస్తున్న సంబంధాల్లో ఒకటి ఖాయం చేసి ఈ వ్యవహారం ముగించాలా అన్నది ఆయన సందేహం. చివర్లో ఒక వాక్యం రాశారు: "అమ్మాయి మాతో మాట్లాడటం తగ్గించింది."

నేను వెంటనే సలహా ఏమీ ఇవ్వలేదు. ఇంట్లో రాసిన నమూనా పరీక్ష ఒకటి, రఫ్ కాగితాలతో సహా పంపమన్నాను. అందులో 25 తప్పులున్నాయి. అమ్మాయి చేతనే వాటిని మూడు కుప్పలుగా విడదీయించాను. నిజంగా విషయం తెలియక చేసినవి 6. లెక్క వచ్చి కూడా ప్రశ్న సరిగా చదవక చేసినవి 8. సమయం అయిపోతోందని గుడ్డిగా నొక్కినవి 11.

తప్పుకు పావు మార్కు కోత కనుక ఆ గుడ్డిగా నొక్కిన వాటికి 2.75 మార్కులు పోయాయి. సరిగా చదివి ఉంటే ఆ 8 ప్రశ్నలకు 8 మార్కులు వచ్చేవి, కోత పడిన 2 మార్కులూ మిగిలేవి. అంటే తెలిసిన చదువుతోనే 12.75 మార్కులు చేతికందేవి. తాను పోగొట్టుకున్నది 4 మార్కుల్లో! ఆ అమ్మాయికి కొత్తగా నేర్పవలసింది తక్కువ. కోచింగు సెంటరు మొదటి నుంచి చివరి దాకా అన్నీ మళ్లీ చెబుతుంది గాని, ఈ మూడు కుప్పలు విడదీసి చూపడానికి అందరి దగ్గరా వాళ్లకు తీరిక ఉండకపోవచ్చు.

ఆ తండ్రికి ఇలా రాశాను: "డిపాజిట్ కదపకండి. మరో రెండు ప్రయత్నాలకు గడువివ్వండి. ఆ గడువులో పెళ్లి మాట ఎత్తకండి." అమ్మాయి ఈసారి ప్రిలిమ్స్ దాటింది. మెయిన్స్ ఫలితం ఇంకా రావాలి. వస్తే ఆనందమే. ఒకవేళ రాకపోయినా, తనకు చేతకాదన్న దిగులు మాత్రం పోయిందని ఆమే ఫోనులో చెప్పింది.

వదిలేయడంలో లెక్క

పిల్లలు నన్ను తరచుగా అడిగేది: "తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి పెట్టేయవచ్చునా అంకుల్?" దీనికి ధైర్యంతో పని లేదు, లెక్క చాలు. ప్రశ్నకు ఐదు జవాబులు ఇచ్చి, తప్పుకు పావు మార్కు కోస్తారనుకోండి. 15 ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పు, 12 తప్పు. వచ్చేది 3, పోయేది 3. మిగిలింది సున్నా, దానికి పట్టిన సమయం అదనపు నష్టం. అదే 15 ప్రశ్నల్లో ఒక్కోదానికి రెండు జవాబులు కచ్చితంగా కావని తెలిస్తే, మిగిలిన మూడింట్లో ఒకటి పెట్టినప్పుడు సగటున 5 ఒప్పు, 10 తప్పు. వచ్చేది 5, పోయేది 2.5. ఇది లాభసాటి బేరం. కనుక సూత్రం ఏమిటంటే, కనీసం రెండింటిని కొట్టేయగలిగితే పెట్టండి, లేకపోతే వదిలి ముందుకు పొండి.

ఇంకో లెక్క చూడండి. ఒక అబ్బాయి 80 ప్రశ్నలు చేసి 50 ఒప్పు, 30 తప్పు చేశాడు. అతనికి వచ్చేది 42.5. ఇంకొకడు 60 మాత్రమే చేసి 52 ఒప్పు, 8 తప్పు చేశాడు. వాడికి 50. బయటికి వచ్చాక "నేను 80 చేశాను" అని చెప్పుకునేవాడి ముందు రెండోవాడు చిన్నబోతాడు. ఫలితాలు వచ్చాక తారుమారవుతుంది. "ఎన్ని చేశావు?" అని గుమ్మంలోనే అడిగే మనం కూడా ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అన్ని పరీక్షల్లోనూ కోత ఒకేలా ఉండదు. కొన్నింటిలో అసలే ఉండదు. అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. అందుకే ముందు నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి.

అణాల్లో శాతాలు

లెక్కల వేగానికి మన ఇళ్లలో ఒక పాత ఆస్తి ఉంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. పదహారణాల తెలుగు అన్నప్పుడు ఆ పదహారే. ఇప్పుడు దాన్ని నూటికి మార్చి చూడండి. పదహారణాలు 100 శాతమైతే ఎనిమిదణాలు 50, పావలా 25, బేడ అంటే రెండణాలు పన్నెండున్నర, అణా ఆరుంపావు. ఆరణాలు 37.5, పదణాలు 62.5, పద్నాలుగణాలు 87.5.

పరీక్షలో "640లో 37.5 శాతం ఎంత?" అని వస్తే పిల్లలు 640ని 37.5తో గుణించడం మొదలుపెడతారు. ఆరణాలని తెలిసినవాడు 640ని 16తో భాగించి 40 అంటాడు, ఆరు నలభైలు 240 అంటాడు. అయిపోయింది. "720లో 62.5 శాతం?" అణాకు 45, పదణాలకు 450. మా బళ్ళారిలో సంఘం గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలతో కూర్చున్నప్పుడు ఈ పద్ధతి చెబితే మొదట నవ్వారు. తరువాత వాళ్లే నాయనమ్మల దగ్గరికెళ్లి బేడ, పావలా సంగతులు అడిగి వచ్చారు. అణాల్లో ఇమడనివి కొన్ని ఉంటాయి. మూడో వంతు 33.33, ఆరో వంతు 16.67, ఏడో వంతు 14.28, తొమ్మిదో వంతు 11.11. వీటిని ఎక్కాల లాగా కంఠస్థం చేయవలసిందే. ఎక్కాలు ఇరవై దాకా, వర్గాలు ముప్పై దాకా, ఘనాలు పదిహేను దాకా నోటికి రావాలి. ఇందులో దగ్గరి దారి లేదు.

వడ్డీ లెక్క కూడా మన మాటల్లోనే ఉంది. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 12 శాతం అంటే అది మన లెక్కలో రూపాయి వడ్డీ. ఇంట్లో పెద్దలు ఇలా మాట్లాడుకుంటుంటే పిల్లల్ని లోపలికి పొమ్మనకండి. పదివేలకు రెండు రూపాయల వడ్డీ ఏడాదికి ఎంతవుతుందో వాళ్లనే అడగండి. 2400 అని టక్కున రావాలి.

ఇక ఉజ్జాయింపు. "1249లో 39.97 శాతం, దానికి 14.02 వర్గం కలిపితే సుమారుగా ఎంత?" అని ఇస్తారు. 1250లో 40 శాతం 500, 14 వర్గం 196, మొత్తం 696. ఇచ్చిన జవాబుల మధ్య దూరం ఎంత ఉందో ముందుగా చూసుకోవాలి. దూరం ఎక్కువుంటే ఉజ్జాయింపు, తక్కువుంటే కచ్చితం.

పట్టికలో ఉచ్చులు

అంకెల పట్టికో, గ్రాఫో ఇచ్చి దాని మీద ఐదారు ప్రశ్నలు అడగడం ఈ పరీక్షల్లో మామూలు. కూడికలు కష్టం కాదు. దేనిలో ఎంత శాతం అడిగారన్నదే కష్టం. ఒక ఉదాహరణ. ఒక శాఖలో డిపాజిట్లు 80 కోట్ల నుంచి 92 కోట్లకు పెరిగాయి. ఇంకో శాఖలో 20 కోట్ల నుంచి 25 కోట్లకు. రూపాయల్లో ఎక్కువ పెరిగింది మొదటిది. శాతంలో చూస్తే మొదటిది 15, రెండోది 25. మరి రెండు శాఖలు కలిపితే పెరుగుదల ఎంత? 15, 25 సగటు 20 అని చాలామంది పెడతారు. జవాబుల్లో 20 కూడా తప్పకుండా ఉంటుంది! నిజానికి 100 కోట్లు 117 అయ్యాయి, కనుక 17 శాతం. పెద్ద శాఖ బరువెక్కువ, సగటు దాని వైపే మొగ్గుతుంది.

ఇలాంటివే మరి రెండు. ధర 20 శాతం పెరిగి, తరువాత 20 శాతం తగ్గితే మొదటికి రాదు. 100 కాస్తా 120 అయి, 96కు దిగుతుంది. మొండి బాకీలు 8 శాతం నుంచి 6 శాతానికి వస్తే తగ్గింది 2 శాతం పాయింట్లు, అదే పాత స్థాయితో పోలిస్తే 25 శాతం. ప్రశ్నలో ఏది అడిగారో ఆ మాట కింద గీత గీసుకున్నట్టు మనసులో పట్టుకోవాలి. గంజాం అమ్మాయి చదవక పోగొట్టుకున్న 8 ప్రశ్నల్లో 5 ఇలాంటివే.

మాటల పరీక్ష

ఇంగ్లీషు భాగం అంటే మన పిల్లలకు రెండు రకాల భయం. ఒకటి పదాల భయం, రెండు వ్యాకరణం భయం. అసలు పరీక్ష రెండింటికంటే ఎక్కువగా శ్రద్ధకు పెడతారు. ఒక చిన్న పేరా ఇచ్చి, కింద ఒక వాక్యం ఇచ్చి, "ఇది నిజమా, అబద్ధమా, చెప్పలేమా?" అని అడుగుతారు. ఉదాహరణకు పేరాలో ఇలా ఉందనుకోండి: మా శాఖకు ఏప్రిల్‌లో కొత్త మేనేజరు వచ్చారు. ఆ ఏడాది డిపాజిట్లు బాగా పెరిగాయి. కింద వాక్యం: కొత్త మేనేజరు వల్ల డిపాజిట్లు పెరిగాయి. మనం నిత్యజీవితంలో వెంటనే అవుననుకుంటాం. పరీక్షలో జవాబు "చెప్పలేం". పేరాలో వల్ల అన్న మాట లేదు. మనకు బయట తెలిసిన సంగతులు, మన అభిప్రాయాలు గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి లోపలికి వెళ్లాలి.

కొన్ని మాటలకు పరీక్షలో వేరే అర్థముంటుంది. "కొన్ని మామిడికాయలు పుల్లన" అంటే ఇంట్లో మనం మిగతావి తియ్యన అని అర్థం చేసుకుంటాం. రీజనింగులో "సమ్" అంటే కనీసం ఒకటి, అంతే. అన్నీ పుల్లనివి అయినా ఆ వాక్యం నిజమే. అదే "ఓన్లీ ఎ ఫ్యూ" అని ఉంటే కొన్ని అవును, కొన్ని కాదు అని రెండూ చెప్పినట్టు. "అన్‌లెస్" వచ్చినప్పుడు "అయితే తప్ప" అని తెలుగులో అనుకుంటే తికమక పోతుంది.

తప్పులు పట్టే ప్రశ్నల్లో మన భాష కొన్నిచోట్ల కాలు లాగుతుంది, కొన్నిచోట్ల చేయి అందిస్తుంది. "ఆ విషయం గురించి చర్చించాం" అన్న అలవాటు కొద్దీ "డిస్కస్ అబౌట్" అంటాం. ఇంగ్లీషులో డిస్కస్ తరువాత అబౌట్ రాదు. "తిరిగి వెనక్కి వచ్చాడు" అన్నట్టుగా "రిటర్న్ బ్యాక్" అంటాం. అక్కడ బ్యాక్ అక్కర్లేదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనేవాళ్లకు మాత్రం తెలుగే మందు. "నా స్నేహితుల్లో ఒకడు" అంటాం గాని "నా స్నేహితుడిలో ఒకడు" అనం కదా! కనుక అక్కడ ఫ్రెండ్స్ అనే రావాలి.

దీనికి ఇంట్లో ఒక సాధన ఉంది. రోజూ ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం ఒకటి చదివించి, దాని సారాంశం రెండు మూడు వాక్యాల్లో తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషు రాని అమ్మమ్మకు చెప్పిస్తే మరీ మంచిది. ఆవిడకు అర్థమైతే వీడికి అర్థమైనట్టే. ఆవిడ ఎదురు ప్రశ్న వేస్తే వీడు మళ్లీ పేపరు తీయాలి. మన పిల్లలు తెలుగులో నాలుగు వాక్యాలు వరుసగా మాట్లాడటం లేదని బాధపడే పెద్దలకు ఇదొక అదనపు లాభం.

మేనమామా, అంకులా?

చుట్టరికాల ప్రశ్నల్లో మన పిల్లలకు ఉండవలసినంత సుఖం మరెవరికీ ఉండకూడదు. పెదనాన్న, బాబాయి, మేనమామ, పెద్దమ్మ భర్త అని మనకు నాలుగు చుట్టరికాలుంటే ఇంగ్లీషుకు అందరూ అంకుల్సే. ప్రశ్న చదువుతూ తెలుగు పేర్లతో చుట్టరికం గీసుకుని, చివర్లో మాత్రమే ఇంగ్లీషులోకి దింపుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అత్త అంటే మనకు నాన్న చెల్లెలూ కావచ్చు, మేనమామ భార్యా కావచ్చు, భర్త తల్లీ కావచ్చు. మేనమామ కొడుకు బావ. పరీక్ష రాసేవాడు మన మేనరికాలు ఎరగడు. "ఎ అనే అమ్మాయి తల్లికి బి సోదరుడు. బి కొడుకు సి. ఎ కు సి ఏమవుతాడు?" అంటే జవాబు కజిన్. బావ అనుకోగానే మనసు పెళ్లి దాకా పోయి "బ్రదర్ ఇన్ లా" మీద నొక్కే పిల్లల్ని చూశాను.

గుండ్రంగా కూర్చున్న వారి ప్రశ్నల్లో కుడి ఎడమలు తారుమారవుతుంటాయి. గుళ్లో ప్రదక్షిణ గుర్తు చేసుకోమంటాను. గర్భగుడి వైపు తిరిగి నిలబడితే ప్రదక్షిణ మన ఎడమ చేతి వైపుగా సాగుతుంది. అదే గడియారం ముల్లు తిరిగే దిశ. కనుక కేంద్రం వైపు చూసేవారికి ఎడమ అంటే ప్రదక్షిణ దిశ, కుడి అంటే అప్రదక్షిణం. బయటికి చూస్తుంటే సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎదురెదురు వరుసలైతే పెళ్లి పంక్తి గుర్తు చేసుకోవాలి. మన కుడి పక్క ఆకు ఎదుటివారికి ఎడమ వైపు ఉంటుంది.

ఏ రాష్ట్రానికి, ఏ భాషలో?

ఇది ప్రత్యేకంగా మన వంటి ప్రవాస కుటుంబాల కోసం. ఆఫీసర్ల ప్రిలిమ్స్‌లో లెక్కలు, రీజనింగ్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటాయి. క్లర్కు స్థాయి నియామకాల్లో ఆ పరిస్థితి మారింది. గ్రామీణ బ్యాంకుల పరీక్షలకు 2019లో, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పరీక్షలకు 2021 సెప్టెంబరులో 13 ప్రాంతీయ భాషల్లో కూడా పరీక్ష పెట్టాలని కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయించింది. వాటిలో తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు భాగం మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి.

అయితే ఒక మెలిక ఉంది. క్లర్కు పోస్టుకు ఒక్క రాష్ట్రానికే దరఖాస్తు చేసుకోవాలి. భాషలు ఆ రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. స్టేట్ బ్యాంకులో ఐతే పదో తరగతిలో గాని ఇంటర్‌లో గాని ఆ భాష చదివినట్టు మార్కుల జాబితాలో ఉంటే విడిగా భాషా పరీక్ష పెట్టరు. ఇది మన పిల్లలకు రెండంచుల సంగతి. బరంపురంలో ఒడియా, బళ్ళారిలో కన్నడం చదువుకున్న పిల్లలు ఆయా రాష్ట్రాలకు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతున్నా చదవడం, రాయడం రాకపోతే ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో పెట్టుకోవడం నీళ్లు చూడకుండా దిగడమే. మద్రాసులో స్థిరపడిన ఒకాయన "మనవాళ్ల మధ్య ఉద్యోగం చేస్తాడని ఆంధ్రాకు పెట్టించాను, వాడికి ఒత్తులు రావు, ఇప్పుడేం చేయాలి?" అని రాశారు. ఒత్తులు మూడు నెలల్లో వస్తాయి. కాని ఆ మూడు నెలలు దరఖాస్తుకు ముందు ఉండాలి. యానాం వారు పుదుచ్చేరి కింద ఏయే భాషలిచ్చారో నోటిఫికేషన్‌లో చూసుకుని నిర్ణయించుకోవాలి.

వయసు కూడా లెక్కలోకి తీసుకోండి. సాధారణంగా ఐబీపీఎస్ క్లర్కుకు 20 నుంచి 28, ఆఫీసరుకు 20 నుంచి 30 ఏళ్లు. కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది. 22 ఏళ్లకు డిగ్రీ ముగించిన వారికి వ్యవధి ఉంది గాని అది అంతులేనిది కాదు.

ఇంట్లో పన్నెండు వారాలు

మొదటి నాలుగు వారాలు వేగం గురించి ఆలోచించవద్దు. ఉదయం గంట లెక్కలు, సాయంత్రం గంట ఇంగ్లీషు, రీజనింగ్. రోజుకొక అంశం. ఎక్కాలు, వర్గాలు, అణాల శాతాలు రోజూ పది నిమిషాలు పైకి చెప్పాలి.

రెండో నాలుగు వారాలు గడియారం పెట్టుకోవాలి. 20 నిమిషాల చిన్న పరీక్షలు రోజుకు రెండు. భాగం తెరవగానే మొదటి నిమిషంలో ప్రశ్నలన్నీ ఒకసారి తిప్పి చూసి సులువైనవి ముందుగా పట్టుకోవడం ఇక్కడే అలవడాలి. ఒక ప్రశ్న మీద నిమిషం దాటితే దాన్ని వదిలేయాలి. ఎంత ముద్దుగా ఉన్నా సరే!

చివరి నాలుగు వారాలు వారానికి రెండు పూర్తి నమూనా పరీక్షలు, అవి కూడా కంప్యూటరు మీద, పరీక్ష ఏ వేళకు ఉంటుందో ఆ వేళకు. మిగిలిన రోజులు ఆ పరీక్షల తప్పులు చూసుకోవడానికి. పరీక్ష రాయడానికి గంట పడితే దాన్ని విడమరిచి చూసుకోవడానికి రెండు గంటలు పట్టాలి.

దీనికి తప్పుల ఖాతా ఒకటి పెట్టించండి. వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి కనుక నాకు ఖాతా లేనిదే ఏదీ తోచదు. ఒక లాంగ్ నోటుబుక్కులో మూడు కాలమ్‌లు గీయాలి: తెలియక, చదవక, తొందరలో. ప్రతి తప్పునూ తగిన కాలమ్‌లో తేదీతో రాసి, పక్కన సరైన పద్ధతి ఒక్క వాక్యంలో రాయాలి. వారం చివర మొత్తాలు కూడాలి. "తెలియక" పెరుగుతుంటే పుస్తకం తీయాలి. "చదవక" పెరుగుతుంటే ప్రశ్న చివరి వాక్యం రెండుసార్లు చదవాలి. "తొందరలో" పెరుగుతుంటే చేసే ప్రశ్నల సంఖ్య తగ్గించుకోవాలి. మూడు జబ్బులకూ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు. బళ్ళారి పిల్లల్లో ఈ ఖాతా సక్రమంగా రాసినవారు ఎనిమిది వారాలకే తమ తప్పు చేయక ముందే గుర్తు పట్టడం చూశాను.

చివరగా తల్లిదండ్రులకు. ఇల్లు చిన్నదైతే ఆ రెండు గంటలు టీవీ కట్టేయండి. ఆడపిల్ల చదువుకు కూర్చున్నాక మంచినీళ్లకూ, గిన్నెలకూ లేపకండి. అబ్బాయిని లేపనట్టే ఆమెనూ లేపవద్దు. పరీక్షా కేంద్రం వేరే ఊళ్లో పడితే ముందురోజే చేరేలా తోడు వెళ్లండి. లక్షల మంది రాసే పరీక్షలో మొదటిసారి రాకపోవడం మామూలు సంగతి. ఫలితం వచ్చిన రోజు పక్కింటి అబ్బాయి మార్కుల మాట ఎత్తకుండా, తప్పుల ఖాతా తీసి పక్కన కూర్చోండి. పిల్లలకు కోచింగు ఫీజు కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

వచ్చే సంచికలో మెయిన్స్ తరువాత జరిగే ఇంటర్వ్యూ గురించి చెప్పుకుందాం. మీ పిల్లలు రాసిన నమూనా పరీక్షలు, తప్పుల ఖాతాలు సంఘం చిరునామాకు పంపితే వీలైనన్ని చూసి జవాబు రాస్తాను. రఫ్ కాగితాలు జత చేయడం మరవకండి. అసలు సంగతి వాటిలోనే ఉంటుంది.